పట్టా ఒకరిది, పంట ఒకరిది

మార్కాపురం నుంచి దోర్నాల వైపు వెళ్లేటప్పుడు గానీ, గిద్దలూరు నుంచి నల్లమల అంచు వెంట వెళ్లేటప్పుడు గానీ రోడ్డు పక్క పొలాలను ఒకసారి ఆగి చూడండి. ఎర్రనేలలో పది పన్నెండు ఎకరాల మిరప చేను ఒకే మడిలా కనిపిస్తుంది. డ్రిప్పు పైపులు, ఒక మూలన బోరు, పక్కన మందు డబ్బాలు. ఈ చేను ఎవరిదని అడిగితే కాయ కోస్తున్న ఆడవాళ్లు ఒక రైతు పేరు చెబుతారు. రెవెన్యూ రికార్డు తీస్తే చాలాచోట్ల అదే చేను ఐదారు ముక్కలుగా, ఐదారుగురు గిరిజనుల పేర్ల మీద ఉంటుంది. ఆ ఐదారుగురిలో ఇద్దరు ముగ్గురు ఆ రోజు ఆ చేనులోనే కూలికి ఉంటారు.

ఆ చేను ఎలా పుట్టిందో రాయాలని మేము చాలాకాలంగా అనుకుంటున్నాం. మన పాఠ్యపుస్తకాల్లో భూసంస్కరణల పాఠం ఉంది. జమీందారీ రద్దు, భూపరిమితి, పేదలకు పంపిణీ అని మూడు మాటలతో పాఠం అయిపోతుంది. పంచిన తర్వాత ఆ భూమి ఏమయిందనేది అందులో లేదు. పిల్లలు అడిగేది మాత్రం అదే.

మొదట మధ్యతరహా రైతు అంటే ఎవరో చెప్పుకోవాలి. మన దేశపు వ్యవసాయ లెక్కల్లో రెండు హెక్టార్ల లోపు వాళ్లు సన్న, చిన్నకారు రైతులు. నాలుగు నుంచి పది హెక్టార్ల దాకా, అంటే సుమారు 10 నుంచి 25 ఎకరాల దాకా, ఉన్నవాళ్లు మధ్యతరహా రైతులు. కానీ ఈ లెక్క పాసుపుస్తకాన్ని చూసి వేసేది. సొంతం మూడెకరాలే ఉండి, మన పట్టాలు పదిహేను ఎకరాలు కలిపి కౌలుకు దున్నే రైతు ఆ లెక్కలో సన్నకారు రైతే. కాగితంలో కనపడని మధ్యతరహా రైతు అతను.

ఇక చరిత్ర. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. థామస్ మన్రో రైత్వారీ పద్ధతి తెచ్చాడు. పొలం కొలవడం, శిస్తు వేయడం, కట్టేవాడి పేరు పుస్తకంలో రాసుకోవడం. మనవాళ్లలోనూ అప్పటికి ఒక లెక్క ఉండేది. ఫలానా బండ మీది తేనెపట్టు ఫలానా కుటుంబానిది, ఫలానా వాగు పక్కన గడ్డలు తవ్వుకునే హక్కు ఫలానా పెంటది. ఆ లెక్కకు శిస్తు లేదు గనుక అది పుస్తకంలోకి ఎక్కలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఆ బండ, ఆ వాగు రిజర్వు అడవి అయిపోయాయి. అడవి సర్కారుది, మైదానం పట్టాదారుది. రెంటి నడుమ చెంచులకు మిగిలింది దారి ఒక్కటే.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన చట్టాల్లో మనం గుర్తుపెట్టుకోవాల్సింది 1973 నాటి భూపరిమితి చట్టం. 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదుగురు ఉన్న కుటుంబం నేల రకాన్ని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు ఉంచుకోవచ్చు. మిగులు ప్రభుత్వానికి ఇవ్వాలి. మరి ప్రభుత్వం పేదవాడికి ఎంత ఇవ్వాలి? అసైన్‌మెంట్ నిబంధనల ప్రకారం మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదు ఎకరాలు మించకూడదు. పిల్లల చేత ఈ రెండు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాయించండి. ఒకడు ఉంచుకోగలిగింది 54, ఇంకొకడు అందుకోగలిగింది 5. పెద్ద దొరతనాన్ని చట్టం కొంత తగ్గించింది, అది కాదనలేం. కానీ 5కూ 54కూ మధ్య ఉన్న చోటు ఎవరికి మిగిలిందో కూడా అదే చట్టంలో ఉంది.

పైగా ఆ 54 తగ్గకుండా ఉండటానికి మేనల్లుళ్ల పేర్ల మీద, పాలేళ్ల పేర్ల మీద రాయించుకున్న సంగతి ఈ ప్రాంతంలో ముసలివాళ్లందరికీ తెలుసు. బయటపడిన మిగులు తక్కువ. పంచింది ఇంకా తక్కువ. అందులో నాగలి దిగే నేల మరీ తక్కువ. మన గూడేలకు వచ్చినవి ఎక్కువగా కొండవాలు చెలకలు, రాళ్ల మెట్టలు, ప్రభుత్వ బంజర్లు. 1976లో శ్రీశైలం కేంద్రంగా చెంచుల కోసం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చింది. ఎద్దులు, విత్తనాలు, ఇళ్లు ఇచ్చారు. 1978లో అడవిని అభయారణ్యం చేశారు, 1983లో పులుల రిజర్వు అయింది. ఒక చేత్తో వ్యవసాయం నేర్చుకోమని, ఇంకో చేత్తో అడవి విడిచి రమ్మని చెప్పినట్టయింది. పాలుట్ల, తుమ్మలబైలు, చిన్నారుట్ల లాంటి లోపలి గూడేలకూ, మైదానం అంచున ఉన్న గూడేలకూ అప్పటినుంచి దారులు వేరయ్యాయి. ఈ వ్యాసం అంచున ఉన్నవాళ్ల గురించి.

ఇక్కడ ఒక చట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గిరిజన సభల్లో మనవాళ్లు 1/70 చట్టం గురించి గట్టిగా మాట్లాడతారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదు, కొన్నా చెల్లదు అని. నిజమే. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల, మన వైపు, లేవు. అదే నల్లమల, అదే చెంచు, నది దాటితే చట్టం మారుతుంది. శిక్షణలకు వచ్చిన టీచర్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం మేము చూశాం.

మరి మన వైపు ఏ రక్షణా లేదా అంటే ఉంది. 1977 నాటి 9వ నంబరు చట్టం, అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. ఇది ఊరు చూడదు, భూమి ఎలా వచ్చిందో చూస్తుంది. ప్రభుత్వం పేదవాడికి ఇచ్చిన భూమిని ఇంకొకరు తీసుకోకూడదు. ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, తాకట్టు, కౌలు కూడా బదిలీయే. కౌలు అనే ఆ చిన్నమాటకు తర్వాత మళ్లీ వస్తాం. కోనేరు రంగారావు అధ్యక్షతన వేసిన భూమి కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో అసైన్డ్ భూములు పేదల చేతుల్లోంచి జారిపోతున్న తీరును రాసింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా దీనికంటే గట్టిది. నాలుగు హెక్టార్ల దాకా, భార్యాభర్తలిద్దరి పేరు మీద, పిల్లలకు వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి వీలులేదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మిరప చేను ఎలా పుట్టింది? బలవంతంగా లాక్కున్న కేసులు ఉండొచ్చు గానీ, మేము చూసినంతలో ఎక్కువ భాగం బలవంతం లేకుండానే జరిగింది. కొర్ర, సజ్జ, కంది, ఆముదం వేసుకున్నన్నాళ్లూ మన రెండెకరాల మీద ఎవరి కన్నూ పడలేదు. పత్తి వచ్చింది, తర్వాత మిరప వచ్చింది, బోరు బండ్లు వచ్చాయి. మిరపకు నారు దగ్గర నుంచి కోత కూలి దాకా ఎకరానికి అయ్యే ఖర్చు మన కుటుంబం ఏడాది తిండి ఖర్చుకు ఎన్నో రెట్లు. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు నుంచి అప్పు తెచ్చుకోగల రైతే ఆ పంట వేయగలడు. సరుకు ఆ కొట్టుకే వేయాలి, అప్పు అక్కడే పట్టుకుంటారు. అలాంటి రైతుకు ఒకేచోట పది ఎకరాలు కావాలి. బోరు ఒకటి వేస్తే పదెకరాలు తడవాలి, లేకపోతే గిట్టదు. మన పట్టాలు వరసగా, ఒకే సర్వే నంబరు కింద ఉంటాయి గదా. అతనికి అంతకంటే అనుకూలం ఏముంటుంది?

2011లో ఇందిర జలప్రభ కింద ఎస్సీ, ఎస్టీ భూముల్లో ప్రభుత్వమే బోర్లు వేసింది. మంచి పని. అయితే నీళ్లు పడిన పట్టా దగ్గరికే కౌలుదారు ముందు వచ్చాడు. నీళ్లు లేని రాళ్ల చెలక ఎవరూ అడగలేదు, అది ఇప్పటికీ మనవాళ్ల చేతిలోనే భద్రంగా ఉంది.

ఈ కథ మనదొక్కటే కాదు. పొదిలి పొగాకు వేలం కేంద్రానికి వెళ్లి రైతుల మాటలు వినండి. జింబాబ్వేలో పంట ఎలా ఉందని మాట్లాడుకుంటారు. అక్కడ పంట తగ్గితే ఇక్కడ ధర లేస్తుంది. వెలుగొండల కింద రైతు ఆఫ్రికా వానల గురించి ఎందుకు అడుగుతాడని ఒకసారి అనుమానం వచ్చి, మేము ఆ దేశం గురించి చదవడం మొదలుపెట్టాం.

జింబాబ్వేలో 1930 నాటి చట్టం దేశంలో దాదాపు సగం భూమిని, మంచి భూమిని, గుప్పెడు మంది తెల్లవాళ్లకు కేటాయించింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చింది గానీ, అంతకు ముందు ఏడాది లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం పదేళ్లపాటు అమ్మేవాడు ఇష్టపడితేనే భూమి కొనాలి. భూమి కదల్లేదు. 2000లో జనం పొలాల మీదికి వెళ్లారు, ప్రభుత్వం వెనక నిలబడింది. సుమారు నాలుగున్నర వేల పెద్ద పొలాల్లో చాలా భాగం ముక్కలయ్యాయి. ఆ పద్ధతిలో దౌర్జన్యమూ ఉంది, కోర్టులను పక్కన పెట్టడమూ ఉంది, దాన్ని మేము మెచ్చుకోవడం లేదు. మనకు కావలసింది ఆ తర్వాతి భాగం.

ప్రభుత్వం భూమిని రెండు రకాలుగా ఇచ్చింది. ఎ-1 అంటే చిన్న రైతులకు, ఊరుమ్మడి మేతబీళ్లతో. అలా సుమారు 1,45,000 కుటుంబాలు పొలాల్లో కుదురుకున్నాయి. ఎ-2 అంటే మధ్యతరహా వ్యాపార వ్యవసాయం. దీనికి దరఖాస్తు పెట్టుకోవాలి, పెట్టుబడి పెట్టగలనని చూపించుకోవాలి. అలా చూపించగలిగింది ఎవరు? ప్రభుత్వ ఉద్యోగులు, సైనికాధికారులు, పార్టీ మనుషులు, పట్నం వ్యాపారులు. అందరూ అలాంటివాళ్లే కాదు, బాగా సేద్యం చేసినవాళ్లూ ఉన్నారు. కానీ తెల్లదొరల పొలాల్లో తరతరాలుగా పనిచేసిన కూలీల్లో ఎక్కువమందికి ఏ రకం భూమీ దక్కలేదు. వాళ్ల తాతలు మలావీ, మొజాంబిక్‌ల నుంచి వచ్చారన్నది కూడా ఒక అడ్డంకి అయింది.

పొగాకు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2000లో 23 కోట్ల కిలోలు దాటిన పంట 2008 నాటికి 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది. ప్రపంచమంతా భూమి పంచితే ఇంతే అంది. 2018 నాటికి మళ్లీ 25 కోట్ల కిలోలు దాటింది, అదీ ఎక్కువగా చిన్నరైతుల చేత. అంటే చిన్నరైతుకు సేద్యం రాదన్న మాట అబద్ధం. అయితే విత్తనం, ఎరువు కంపెనీ అప్పుగా ఇస్తుంది, వేలంలో ముందే పట్టుకుంటుంది. గుంటూరు కమీషన్ కొట్టు అన్నమాట.

కెన్యా, ఘనా, టాంజానియా, జాంబియాల్లో థామస్ జేన్ అనే ఆచార్యుడి బృందం మరో సంగతి పట్టుకుంది. అక్కడ 5 నుంచి 100 హెక్టార్ల మధ్య పొలాలు త్వరత్వరగా పెరుగుతున్నాయి. ఆ రైతుల్లో చాలామంది చిన్న పొలం నుంచి ఎదిగినవాళ్లు కాదు. పట్నంలో జీతం తీసుకుంటూ, ఆ జీతంతో పల్లెలో భూమి సంపాదించినవాళ్లు. ఇది చదివినప్పుడు మా స్టాఫ్‌రూములో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. కారణం కింద చెబుతాం.

కెన్యాలో ఒగియెక్ అనే జనం ఉన్నారు. మౌ అడవిలో తేనె తీసి బతికేవాళ్లు. మన చెంచుల సంగతి చదువుతున్నట్టే ఉంటుంది. వాళ్ల అడవిని కొంత రిజర్వు చేశారు, కొంత కోసి ఇతరులకు పొలాలుగా ఇచ్చారు. వాళ్ల కేసు ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. 2017 మే 26న ఆ కోర్టు ఒగియెక్‌లకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2022 జూన్‌లో పరిహారంతో పాటు, వాళ్ల భూమికి ఉమ్మడి పట్టా ఇవ్వాలని కూడా చెప్పింది. 2023 నవంబరులో మళ్లీ వాళ్ల ఇళ్లు కూల్చారు. తీర్పుకూ నేలకూ మధ్య దూరం అక్కడా ఇక్కడా ఒకటే. కానీ ఉమ్మడి పట్టా అన్న ఆలోచన గమనించండి. ఒక్కొక్కరికి విడిగా రెండెకరాలు ఇస్తే ఒక్కొక్కరినీ విడిగా కౌలుకు అడుగుతారు. మన అటవీ హక్కుల చట్టంలో కూడా సామూహిక హక్కులు ఉన్నాయి, మనలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఉంది. వాటికి దరఖాస్తు పెట్టడం మనం చాలాచోట్ల మానేశాం.

ఇప్పుడు మా సంగతి. మేము డీ.ఎడ్. చదివి ఆశ్రమ పాఠశాలల్లో చేరినవాళ్లం, మా గూడెంలో మొదటి జీతాలు మావి. 2021లో మా బంధువుల్లో ఒక మామ దగ్గర అసైన్డ్ పట్టా కౌలుకు తీసుకున్నాం. పక్క రెండు పట్టాలు కూడా కలిపాం. బయటి రైతు చేతికి పోవడం కంటే మనవాళ్ల చేతిలో ఉండటం మేలు కదా అని మాకు మేము చెప్పుకున్నాం. మిరప వేశాం. మామ, అత్త మా దగ్గర కూలికి వచ్చారు, వాళ్ల చేనులోకే. చట్టంలో కౌలు కూడా బదిలీయే అని పైన రాశామే, ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పాఠం చెప్పేవాళ్లం మేమే.

ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చింది. రాష్ట్రమంతా మిరప రైతులకు ఆ ఏడు గుర్తుంటుంది. పూత పూతగానే రాలిపోయింది. మందు మీద మందు కొట్టాం, పురుగు పోలేదు. పెట్టింది దాదాపు అంతా పోయింది. రెండేళ్లపాటు జీతంలో నుంచి అప్పు తీర్చుకున్నాం. ఇబ్బంది పడ్డాం, కానీ పిల్లల చదువు ఆగలేదు, ఇంట్లో పొయ్యి ఆరలేదు.

అప్పుడు మామ ఒక మాట అన్నాడు. "మీకు పంట పోయినా నెల తిరిగేసరికి జీతం వచ్చాది. అదే నేనేసుంటే గూడెం ఇడిసి పోవాల్సి వచ్చేది గదా."

భూసంస్కరణల గురించి మేము చదివిన దాంట్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మధ్యతరహా రైతుకు ఉన్నది ఎక్కువ తెలివి కాదు, ఎక్కువ కష్టం కాదు. ఒక ఏడు పంట మొత్తం పోయినా నిలబడగలిగే ఊతం. జింబాబ్వేలో ఎ-2 దరఖాస్తులో అడిగింది అదే, లుసాకాలో జీతగాడి దగ్గర ఉన్నదీ అదే, మా దగ్గర ఉన్నదీ అదే. 1973 చట్టం భూమిని పంచింది. ఆ ఊతాన్ని పంచడం దాని పనిలో లేదు. ఊతం లేని చేతికి రెండెకరాలు ఇస్తే, ఆ రెండెకరాలు ఊతం ఉన్నవాడి వైపు జారుతాయి. ఊతం ఉన్నవాడు కమ్మో రెడ్డో కావాల్సిన అవసరం లేదు, చెంచు టీచరైనా సరిపోతుంది.

తర్వాత మేము కౌలు మానేశాం. ఇప్పుడు మామ కంది, కొర్ర వేస్తాడు, ఒక అంచున అర ఎకరం మిరప. విత్తనం, దుక్కి ఖర్చు మేము పెడతాం, పంట వచ్చాక ఖర్చు మాత్రం తిరిగి తీసుకుంటాం, రాకపోతే అడగం. ఇది గొప్ప ఏర్పాటేమీ కాదు. ముగ్గురు టీచర్లు ముగ్గురు బంధువులకు చేయగలిగేది, గూడెం మొత్తానికి చేయగలిగేది కాదు. గూడెం మొత్తానికి కావాలంటే పంట బీమా మన పేరు మీద రావాలి, బ్యాంకు అప్పు మన పట్టా మీద రావాలి. కౌలుదారు పేరు మీద కాదు. ఈ పని మీద యువకులు కూర్చుంటే బాగుంటుంది. ఊళ్లో 1977 తర్వాత ఇచ్చిన పట్టాలు ఎన్ని, ఏ సర్వే నంబరు, ఇప్పుడు దున్నేది ఎవరు అనే జాబితా రాయడానికి డిగ్రీ అక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు రెండు గూడేలకు రాశారు. దున్నేవారి పేరు రాసే గడిలో ఒక అమ్మాయి మా పేర్లు కూడా రాసి, పాత సంవత్సరం వేసి, మాకే తెచ్చి ఇచ్చింది.

తొందర ఎందుకంటే నీళ్లు వస్తున్నాయి. పూల సుబ్బయ్య వెలుగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు. 43.5 టీఎంసీల నీళ్లు, నాలుగున్నర లక్షల ఎకరాల దాకా ఆయకట్టు. సొరంగాల తవ్వకం అయిపోయింది. కాలువ నీళ్లు వచ్చిన రోజున రెండెకరాల మెట్ట రెండెకరాల మెట్టగా ఉండదు. ఇంకోవైపు 2023లో 9/77 చట్టాన్ని సవరించారు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ పట్టా మీద అసలు లబ్ధిదారుకు అమ్ముకునే హక్కు కూడా వచ్చింది. ఇది హక్కే. మిగతా రైతులందరికీ ఉన్న హక్కు మనకు మాత్రం ఎందుకు లేదని అడిగినవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ ఆ ఊతం లేనప్పుడు అమ్మే హక్కు ఏ రోజు వాడుకుంటామో కూడా మాకు తెలుసు. ఆసుపత్రి రోజున, పెళ్లి రోజున.

మామ దగ్గరికి ఈ మధ్య మార్కాపురం నుంచి ఒకరు వచ్చి ధర చెప్పి వెళ్లారు. మామ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అత్త ఒప్పుకోదు, కొడుకు ఒప్పుకుంటాడు. పోయిన నెల పాసుపుస్తకం గుడ్డలో చుట్టి బడికి తెచ్చి, ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు, మీ బీరువాలో పెట్టండి అన్నాడు. మేము చాలాసేపు ఆలోచించాం. తీసుకోలేదు. అత్తకు ఇవ్వమని చెప్పాం.